మోటుపల్లి అభయశాసనము: కౢప్తశుల్కము

శుల్కమను పదము మిక్కిలి ప్రాచీనమైనది. పాణిని తన అష్టాధ్యాయి ఐదవ అధ్యాయమున వృద్ధి, ఆయము, లాభము, శుల్కము, ఉపద అను ఐదింటిని ఒక్క సూత్రమున కూర్చి, ఇంత ధనము వీనిలో నేదియో యొకటిగా ఈయబడునని చెప్పవలసిన యెడ సంఖ్యాశబ్దములకు ప్రత్యయమును విధించెను. కాశికావృత్తిలో ఈ ఐదింటికిని వేఱువేఱుగ అర్థములు చెప్పబడినవి. అందు శుల్కమనగా రక్షణమునకు భృతిగా రాజు గైకొను భాగము. ఉపద యనగా లంచము. వడ్డీయు, సుంకమును, లంచమును ఒకే సూత్రమున ఇరుగుపొరుగై యుండుట చూచి లోకజ్ఞులు నవ్వుకొనవచ్చును గాని, వృత్తికారుడు వానిని వేఱుపఱచిన తెఱగు గమనింపదగినది. రక్షించినందులకు తీసికొనునది శుల్కము. రక్షింపక తీసికొనునది మఱియొకటి యగునుగాని శుల్కము కాజాలదు. తెనుగువారి సుంకము ఈ శుల్కమునకు తద్భవమే.

రైతు చెల్లించు పన్నునకును వర్తకుడు చెల్లించు సుంకమునకును ఒక భేదము కలదు. పొలము కదలదు. బాధలు మితిమీఱినపుడు రైతులు ఊరు విడిచి వలసపోవుట కలదు గాని అది తుదకు చేయు పని. ఓడవర్తకుడు అట్టివాడు కాడు. అతని సొత్తు నీటిమీద తేలుచుండును. ఒక రేవున హాని కలుగునని వినికిడి యైనచో చుక్కాని త్రిప్పి వేఱొక రేవున లంగరు వేయును. అతడు పోయిన సంగతి రాజునకు ఎవరును వచ్చి విన్నవింపరు. సుంకపు లెక్కలలో తఱుగుదల కనబడినపుడు గాని తెలియదు. కావున తీరమును పాలించు రాజు సుంకమును విధించుటలో వర్తకుని మనస్సును కూడ లెక్కింపక తప్పదు. ఈ యెఱుక తెనుగు రాజులకు ఎంత నిశితముగా నుండెనో తెలుపు శిలాశాసనములు రెండు మోటుపల్లియందు కలవు. మొదటిది కాకతీయ గణపతిదేవ చక్రవర్తిది. శకవర్షము 1166, క్రోధి సంవత్సరము, అనగా క్రీ. శ. 1244. రెండవది కొండవీటి రెడ్డిరాజగు అనవోతారెడ్డిది. శకవర్షము 1280, విళంబి సంవత్సరము, అనగా 1358. రెండింటికిని నడుమ నూటపదునాలుగేండ్లు.

శాసనములను పరిశీలించుటకు ముందు శాస్త్రమేమి చెప్పినదో చూడవలెను. కౌటిల్యుడు అర్థశాస్త్రమున శుల్కవ్యవహారమును గూర్చి ప్రత్యేకముగ నొక ప్రకరణము వ్రాసి, దేశములోనికి వచ్చు సరకులకు వెలలో ఐదవ వంతు సుంకమును సామాన్యవిధిగా చెప్పి, పిమ్మట సరకులను బట్టి పదియవ వంతు, పదునైదవ వంతు, ఇరువదవ వంతు, ఇరువదియైదవ వంతు అని తగ్గించుచు పోయెను. దేశమునకు మహోపకారము చేయు సరకునకు సుంకమే కూడదనెను. దానికి ఉచ్ఛుల్కమని పేరు. పరదేశమునుండి వచ్చు నావికులకును సార్థవాహులకును మున్ముందు కలుగు లాభమును తలచి పరిహారము లొసగవలెనని పణ్యాధ్యక్ష ప్రకరణమున చెప్పెను. గాలివాన దెబ్బతిని వచ్చిన ఓడను తండ్రివలె ఆదరింపవలెననియు, నీటదడిసిన సరకునకు సుంకము మాన్పుటయో సగము చేయుటయో తగుననియు నావధ్యక్ష ప్రకరణమున విధించెను.

మనువు చెప్పినది ఇరువదవ వంతు. ఇచట వ్యాఖ్యాతల కొక చిక్కు కలిగినది. సుంకపుచావడులలో నేర్పరులు సరకునకు వెల కట్టవలెననియు, దానినుండి ఇరువదవ వంతు రాజు గైకొనవలెననియు శ్లోకార్థము. ‘దానినుండి’ యను సర్వనామము వెలను పరామర్శించునా, లాభమునా? కుల్లూకభట్టు లాభమునే గ్రహించెను. పదముల పొందికను బట్టి చూచినచో వెలయే సమీపమున నున్నది; న్యాయమును బట్టి చూచినచో లాభమే తగియున్నది. నూఱు గద్యాణముల సరకుపై పది గద్యాణములు లాభము వచ్చిన వర్తకునికి మొదటి యర్థమున ఐదు గద్యాణములు పోవును. రెండవ యర్థమున అర గద్యాణమే పోవును. ఒక్క సర్వనామమున పదిరెట్లు తేడా! శాస్త్రము ఇట్లు రెండు తెఱగుల పలుకునపుడు చావడిలోని అధికారి దేనిని అవలంబించునో ఊహించుట కష్టము కాదు.

శాస్త్రమిట్లుండగా ఆచారము వేఱుగా నుండెను. ఓడ పగిలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన సరకు తీరమును పాలించు రాజుదేయను ఆచారము పెక్కు దేశములందు ప్రబలియుండెను. సంతానము లేక మృతినొందిన వర్తకుని ధనము రాజునకు చెందుననుట మఱియొకటి. కాళిదాసు శాకుంతలము ఆఱవ యంకమున ధనమిత్రుడను సముద్రవర్తకుడు ఓడ మునిగి చనిపోగా, అతనికి సంతతి లేనందున అతని ధనరాశి రాజునకు చెందునని మంత్రి వ్రాసి పంపును. దుష్యంతుడు ఆ ధనమునకు ఆశపడక, అతని భార్యలలో గర్భవతి యెవతెయైన నున్నదేమో విచారింపుమని, గర్భస్థశిశువునకే పిత్ర్యధనమును చెందించును. కవి దీనిని నాయకుని ఔదార్యమునకు నిదర్శనముగా నిలిపెననగా, సామాన్యముగ రాజులట్లు చేయువారు కారనియే కదా అర్థము.

పదుమూడవ శతాబ్దపు ఆచారమునకు మార్కోపోలో సాక్షి. పశ్చిమతీరమున కన్ననూరు చేరువనున్న ఏళి రాజ్యమును వర్ణించుచు అతడిట్లు తెలిపెను: అక్కడికే రావలెనని బయలుదేఱి వచ్చిన ఓడను వారు గౌరవింతురు, వేఱొక చోటికి పోవుచు గాలి తాకిడికి అక్కడ చేరిన ఓడను మాత్రము దైవమే తమకు పంపెనని చెప్పి సరకంతయు దోచుకొందురు. ఈ యాచారము హిందూదేశమున ఇతర ప్రదేశములయందును కలదని అతడే వ్రాసెను.

ఇక గణపతిదేవుని శాసనము. ఈ చక్రవర్తి 1199 మొదలు 1262 వఱకు ఏలెను. రాజ్యారంభముననే వెలనాటిని దివిసీమను లోబఱచుకొని, అయ్య వంశపు కన్యలగు నారాంబా పేరాంబలను పెండ్లియాడి, వారి సోదరుడైన జాయపను సేనానిగా గైకొనెను. ఓరుగల్లు సముద్రమునకు చాల దూరము. గుఱ్ఱములు సముద్రముమీదనే రావలెను. కర్పూరము, పట్టు, ముత్యములు అట్లే. రేవు చేతిలో లేని రాజునకు ఇవి పరుల దయవలన లభింపవలసినవే. రేవు చేజిక్కినంత మాత్రమున ఓడలు వచ్చునా? దక్షిణమున పాండ్యుల కాయలుపట్టణము కలదు. పడమటినుండి వచ్చు ఓడలన్నియు అందు ఆగుననియు, ఆ రాజు పరదేశవర్తకులను న్యాయముగ చూచుటచే వారు సంతోషముతో పోవుదురనియు మార్కోపోలోయే వ్రాసెను. నడుమ నెల్లూరిసీమ రేవులు కలవు. ఇన్ని రేవుల నడుమ, చినగంజాము చేరువనున్న మోటుపల్లికి వర్తకుడు ఏల రావలెను?

దీనికి బదులుగా మోటుపల్లి వీరభద్రాలయమున నిలిపిన స్తంభముపై చక్రవర్తి అభయశాసనము చెక్కించెను. హుల్చ్ పండితుడు దీనిని ఎపిగ్రాఫియా ఇండికా పండ్రెండవ సంపుటమున ప్రకటించెను. శాసనతాత్పర్య మిది. పూర్వపురాజులు, ఒక దేశమునుండి వేఱొక దేశమునకు పోవుచు తుపానుచేత దెబ్బతిని పగిలి ఒడ్డునకు చేరిన ఓడలలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మున్నగు సర్వస్వమును బలిమిని లాగుకొనుచుండిరి. గణపతిదేవుడు అట్లు చేయడు. ప్రాణముకంటెను ధనమే గొప్పదని తలచి సముద్రయానమను మహాసాహసమునకు పూనిన వారికి కౢప్తశుల్కము తప్ప తక్కినదంతయు విడిచిపెట్టుచున్నాడు. ఆ శుల్కము ఎగుమతి దిగుమతులపై ముప్పదింట నొకటి.

ఈ వాక్యమున మూడు పదములు విమర్శింపదగినవి. దయ యనునది తృతీయావిభక్తిలో నున్నది. కీర్తి, ధర్మము అనునవి చతుర్థిలో నున్నవి. తృతీయ హేతువును, చతుర్థి ప్రయోజనమును తెలుపును. కనుక దయ కారణము. కీర్తియు ధర్మమును ఫలములు. అర్థమను నాలుగవ మాట శాసనమున లేదు. చరిత్రకారులు పెక్కురు ఇంతటితో ఆగి, చక్రవర్తి దయాళుత్వమును కొనియాడి విరమించుచున్నారు. దయ లేదని యెవరును అనరు. కాని దయతో వ్రాసిన శాసనము క్రింద సరకులపట్టిక ఏల? చందనము, దేశపు కర్పూరము, చీనాకర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, జవ్వాది, రాగి, తగరపు జాతి లోహములు, పట్టునూలు, పగడములు, మిరియములు, పట్టుబట్టలు, పోకలు - వీనిలో ఒక్కొక్కదానికి ఇంత సుంకమని తెనుగున వివరముగా చెక్కబడియున్నది. ప్రశస్తి సంస్కృతమున, పట్టిక తెనుగున. ప్రశస్తి పండితులకు, పట్టిక చావడిలో కూర్చున్న కరణమునకును, వాని యెదుట నిలిచిన వర్తకుని దుబాసీకిని.

ఆ పట్టికలో నొక విశేషము కలదు. చందనమునకు తూనికను బట్టియు, పోకలకు లక్షకు ఇంతయనియు, పట్టుబట్టలకు చుట్టకు ఇంతయనియు సుంకము నిర్ణయింపబడినది. తూచినను, ఎంచినను తేలిపోవును. వెల కట్టవలసిన పని లేదు. వెల కట్టుటయందే కదా అధికారి చేతివాటము చూపగలడు! మనువు శ్లోకమున సర్వనామము తెచ్చిన చిక్కు ఇచట పుట్టుటకే వీలు లేదు.

కౢప్తశబ్దమునకు ఇపుడు తెనుగున కలిగిన యర్థభేదము చదువరులను తప్పుదారి పట్టింపవచ్చును. తెనుగున క్లుప్తమనగా సంగ్రహమైనది, కొంచెమైనది. అందుచేత కౢప్తశుల్కమనగా కొద్దిపాటి సుంకమని కొందఱు చెప్పుచున్నారు. సంస్కృతమున కౢప్తమనగా ఏర్పఱుపబడినది, నియతమైనది. శాసనము తక్కువ సుంకమును వాగ్దానము చేయుటలేదు. మాఱని సుంకమును వాగ్దానము చేయుచున్నది. ముప్పదింట నొకటి కౌటిల్యుని ఐదవ వంతుతో పోల్చిన స్వల్పమే. అయినను 1442వ సంవత్సరమున కళ్ళికోటకు వచ్చిన పారసీక రాయబారి అబ్దుర్ రజాక్ అక్కడ అమ్ముడుపోయిన సరకుపై నలువదింట నొకటి పుచ్చుకొందురనియు, అమ్ముడుపోనిదానిపై ఏమియు పుచ్చుకొనరనియు వ్రాసెను. సుంకము తక్కువతనమే ఓడలను పిలుచునదైనచో మోటుపల్లికంటె కళ్ళికోట మిన్న. కాని ఆ రాయబారి కళ్ళికోటను మెచ్చుకొన్నది నలువదవ వంతును బట్టి మాత్రమే కాదు. ఇతర రేవులలో దారితప్పి వచ్చిన ఓడను దోచుకొందురనియు, కళ్ళికోటలో ఎచటినుండి వచ్చి ఎచటికి పోవు ఓడనైనను ఒకే తీరున చూతురనియు అతడు విశేషించి చెప్పెను. రెండువందల యేండ్ల వెనుక గణపతిదేవుడు శిలపై చెక్కించిన మాటయు అదియే.

చక్రవర్తి వదలుకొన్నది ఎంత? మూడువేల గద్యాణముల సరకుతో వచ్చు ఓడ నొకదానిని ఉదాహరణముగా గైకొందము. అది వచ్చునపుడు నూఱు గద్యాణములు, అంతే సరకుతో మరలిపోవునపుడు నూఱు గద్యాణములు చెల్లించును. అదే ఓడ పగిలి ఒడ్డున పడినచో పాత యాచారమున రాజునకు మూడువేలు ఒక్కదినమున లభించును. అనగా పదునైదు రాకపోకల సుంకము. తుపాను ఎన్నడో గాని రాదు. వచ్చినను సరకు మునిగిపోవుటయే తఱచు. కాని ఒడ్డున దోపిడి జరుగునను భయము ప్రతి యోడకును, ప్రతి యాత్రకును ఉండును. ఎన్నడో దొఱకు మూడువేల కొఱకు ఏటేటను రావలసిన ఇన్నూఱులను పోగొట్టుకొనుట లోభికైనను తగని బేరము. శాసనము అర్థమను మాటను పలుకకున్నను, దాని గణితము ఇది.

ఓడలు వచ్చినవా యనునది తరువాతి ప్రశ్న. మార్కోపోలో రుద్రమదేవి రాజ్యమును ముట్ఫిలి యను పేర వర్ణించెను. సాలెగూటివలె సన్ననైన వస్త్రములు, వజ్రములు అక్కడ లభించునని చెప్పెను. ఆమెను గణపతిదేవుని పుత్రికయని యెఱుగక రాజపత్ని యనుట వంటి పొరపాటులు అతని గ్రంథమున కలవు. సుంకమును గూర్చి అతడేమియు చెప్పలేదు. కావున ఓడలు ఆ శాసనముచేతనే వచ్చినవని అతని మాటలను బట్టి నిర్ధారింపరాదు. కాని ఒక్క సంగతి స్పష్టము. ఓరుగల్లు రాజధానిగా గల విశాలరాజ్యము పరదేశీయుల నోట ఒక రేవుపేరునకు మాఱినది. ముట్ఫిలి యనగా మోటుపల్లియే. తెనుగుదేశమునకు ఆ రేవే వాకిలి యయ్యెను.

1323లో ఓరుగల్లు పడిపోయెను. అభయమిచ్చిన రాజవంశమే అంతరించిన పిమ్మట శిల నిలిచియున్నను ప్రయోజనమేమి? కౢప్తశుల్కమునకు ఆధారము శిల కాదు, దాని వెనుకనున్న దండము. ఈ నడిమికాలమున మోటుపల్లి ఎట్లుండెనో అనవోతారెడ్డి శాసనమునే చదివి ఊహింపవలెను. వర్తకులు సమృద్ధిగ నున్న రేవున ఏ రాజును అట్టి వాగ్దానములు చేయడు. మోటుపల్లికి కాపురము వచ్చు వర్తకులను గౌరవించి నివేశనములను భూములను ఇత్తురట. వారు ఎచటినుండి తెచ్చిన సరకునైనను తమ యిష్టము వచ్చినవారికి అమ్ముకొని, తమకు నచ్చిన సరకును మాఱుగా తీసికొనవచ్చునట. అపుత్రికధనమును రాజు గైకొనడట. బంగారమునకు సుంకము లేదు. చందనముపై సుంకమున మూడవ వంతు తగ్గింపు. తక్కిన సరకులకు పూర్వమర్యాదయే. ఈ శాసనము తెనుగుననే గాక తమిళమునను కలదు; ఎవరిని పిలుచుచున్నారో దీనిచేతనే తెలియుచున్నది.

వీనియన్నింటిలో విచిత్రమైన నియమము వేఱొకటి కలదు. వచ్చి కాపురమున్నవారు మరల వేఱొక చోటికి పోదలచినచో వారిని నిలుపక పోనిత్తురు. రండని పిలుచు శాసనమున పొండను మాట ఏల? గణపతిదేవుని శాసనము ఓడను ఉద్దేశించినది. వచ్చి పోవునది ఓడ. అనవోతారెడ్డి శాసనము కాపురమును ఉద్దేశించినది. వర్తకుడు భార్యాపుత్రులతో, గిడ్డంగితో, అప్పుపత్రములతో ఊరిలో కుదురుకొన్న పిమ్మట ఓడకుగల స్వేచ్ఛ అతనికుండదు. అప్పుడు సుంకము పెంచినను అతడు కదలలేడని రాజునకు తెలియును. రాజునకు తెలియునని వర్తకునకును తెలియును. అందుచేతనే అతడు కాపురమునకు రాడు. పోవుటకు సెలవున్నదని ముందుగా చెప్పిననే వచ్చుటకు ధైర్యము కలుగును. అపుత్రికధనమును విడుచుటయు ఇట్టిదే. పరదేశమున మరణించువాని ధనము వాని వారికే పోవునను అభయమది. కాళిదాసు నాటకమున ఒక రాజు మంచితనముచే జరిగిన కార్యము ఇచట నియమముగా మాఱినది. ఈ రెడ్డిరాజుల కాలపు వర్తకసమృద్ధిని శ్రీనాథుడు హరవిలాసమున కృతిపతియగు అవచి తిప్పయసెట్టిని వర్ణించుచు తెలిపెను. కుమారగిరిరెడ్డికి సుగంధద్రవ్యములు సమకూర్చిన ఆ సెట్టి సింహళమునుండి ఏనుగులను, హురుముంజినుండి గుఱ్ఱములను తెప్పించెనట.

ఆ మీదటి శతాబ్దమున శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద నాలుగవ ఆశ్వాసమున ఈ మర్మమును దాచక చెప్పెను. రేవులను బాగుచేసి గుఱ్ఱములు, ఏనుగులు, రత్నములు, చందనము, ముత్యములు వచ్చు వాణిజ్యమును పెంపొందింపవలెనని విధించి, ఏనుగులను గుఱ్ఱములను తెచ్చు దూరద్వీపవర్తకులకు ఊళ్ళను, మంచి యిండ్లను, కొలువున దర్శనమును, తగిన లాభమును ఇచ్చి తనవారిగా చేసికొనవలెననెను. కారణము కూడ ఆయనయే చెప్పెను: ఆ గుఱ్ఱములు శత్రువులకు చేరకుండుటకై. గణపతిదేవుని శాసనమున పలుకబడని నాలుగవ మాట రాయలవారి పద్యమున బాహాటమైనది.

పదునేడవ శతాబ్దమున ఇదే తీరమున ఇదే కథ మఱియొక జాతివారిచే నడిచెను. ఇంగ్లీషు కంపెనీవారు 1611లో మచిలీపట్టణమున కొట్టు పెట్టిరి. గోలకొండ సుల్తాను అధికారులు అక్కడ సుంకమునకు మించి వసూళ్ళు చేయుచుండగా సహింపలేక, 1628లో ఆ పట్టణమును విడిచి, నెల్లూరిసీమలోని దుగరాజపట్నమునకు, అనగా వారు ఆర్మగామని పిలుచుచోటికి తరలిపోయిరి. రేవుగా మచిలీపట్టణము దానికంటె ఎన్నో మడుగులు మేలైనది. అద్దకపుబట్టలు, ఓడలకు ఆశ్రయము అన్నియు అందే కలవు. అయినను పోయిరి. పిమ్మట గోలకొండ సుల్తాను వారికి సుంకముల విషయమున ఫర్మానా నొసగి మరల రప్పించుకొనెను. వారు మచిలీపట్టణమునకు మరలివచ్చిరి గాని, మఱియొక చోటు వెదకుట మానలేదు.

1639లో దామెర్ల వేంకటాద్రినాయకుడు వారికి చెన్నపట్టణపు ఇసుకతిన్నె నొసగెను. అది రేవు కాదు. అలల నడుమ చిన్న పడవలపై సరకు దింపుకొనవలసిన ఒడ్డు. కంపెనీ సరకులకు సుంకము లేదనియు, ఇతరుల సరకులపై వచ్చు సుంకమున సగము వారిదేననియు నాయకుడు మాట యిచ్చెను. తనకేమి కావలెనని యడుగగా అతడు కోరిన వానిలో మొదటివి దేశమునకు వర్తకమును, పారసీకపు మేలుజాతి గుఱ్ఱములును. 1640 ఫిబ్రవరిలో ఆర్మగామునందలి కంపెనీవారు తమ సామగ్రిని ఓడల కెక్కించుకొని ఆ యిసుకతిన్నెమీద దిగిరి.